పేరు చెప్పని ప్రార్థన

మా అత్తమ్మ రిబ్కమ్మకు కోపం ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. ఆ రెండూ ఒక్క మనిషిలో ఎట్లా ఇమిడాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె పోయి రెండు క్రిస్మస్‌లు దాటాయి. టీ పెట్టిన ప్రతిసారీ, "చక్కెర జర తక్కువెయ్ బిడ్డా, పెండ్లి కాదు ఇది" అని వెనక నుంచి వినిపిస్తుందేమోనని ఆగుతాను. వినిపించదు. అప్పుడు చక్కెర ఎక్కువే వేసుకుని, ఆమె మీద కోపంతో తాగుతాను.

మాది మందమర్రి దిక్కు బొగ్గుబాయి కాలనీ. మామయ్య అబ్రహాం బాయి పని చేసి రిటైరయ్యాడు. అత్తమ్మకు ఉద్యోగం లేదు గానీ ఉద్యోగస్తులకున్నంత తీరిక కూడా లేదు. మా సంఘంలో ఆడవాళ్ళ ప్రార్థన అవసరతలన్నీ ముందు ఆమె చెవిన పడాల్సిందే. మందిరానికి వెళ్ళే అలవాటు లేనివాళ్ళ కోసం చెబుతున్నాను, ప్రార్థన అవసరత అంటే ఇంట్లో కష్టం. జ్వరం, తాగుడు, కోడలితో పోరు, నిలవని కడుపు. ఆ కష్టం చెప్పుకుని, మా కోసం ప్రార్థించండి అని అడుగుతారు. బుధవారం పొద్దున్నే అత్తమ్మ చెప్పులేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. శుక్రవారం స్త్రీల కూడికలో నిలబడి అన్నింటినీ దేవునికి అప్పజెప్పేది, పేర్లు మాత్రం లేకుండా.

"ఒక తల్లి ఉన్నది ప్రభువా. ఆమె పెద్దకొడుకు తాగుతుండు. ఆమె ఎవలో నీకెరుక."

కొడుకు తాగని ఇల్లు మా కాలనీలో వెతుక్కోవాలి కనుక, ఆ తల్లి ఎవరో ఎవరికీ తెలిసేది కాదు. కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆ తల్లి తామేననుకుని కళ్ళు తుడుచుకునేవారు.

కోడలిగా వచ్చిన కొత్తలో నేను ఊరుకునేదాన్ని కాదు. "గా తల్లి ఎవలత్తమ్మా?" అని వెంటపడేదాన్ని. "నీకు చెప్పినంక అది ప్రార్థనెట్లయితది? ముచ్చటైతది" అనేది. పక్కపక్కన కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, కాలనీ గుట్టంతా కడుపులో పెట్టుకుని, ఒక్క ముక్క కూడా రాల్చని మనిషితో కాపురం ఎంత కష్టమో మీకు చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే మళ్ళీ ఆ మధ్యాహ్నాలే కావాలనిపిస్తుంది.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సండేస్కూల్ టీచరు జ్యోతిరాణి అవసరతల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టింది. మంచి పిల్ల, మంచి మనసుతోనే పెట్టింది. కష్టం వచ్చిన నిమిషానికే అందరికీ తెలిసిపోయేది, అందరూ జోడించిన చేతుల బొమ్మలు పెట్టేవారు. అత్తమ్మకు మాత్రం అది మింగుడు పడలేదు.

"గా గ్రూపుల ఎవలెవలున్నరో నీకెరుకేనా?" అని జ్యోతిరాణిని అడిగింది.

"అందరు మనోళ్ళే ఆంటీ."

"మనోళ్ళే. మరి మనోళ్ళ ఇండ్లల్ల ఆ ఫోన్లు ఎవలెవలు చూస్తరు?"

జ్యోతిరాణి నవ్వేసింది. ముసలావిడ చాదస్తమని నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలమే హెప్సిబా వదినె గ్రూపులో ఇట్లా పెట్టింది: "మా ఆయనకు కిడ్నీలో రాళ్ళ ఆపరేషన్. రేపటి నుంచి వారం దినాలు కరీంనగర్ దవాఖానలో ఉంటాము. ఇంటిల్లిపాదీ వెళ్తున్నాము. ప్రార్థించగలరు." దొంగకు ఇంతకన్నా ఏం కావాలి? పాతకాలపు దొంగయితే ఈపాటి కబురు కోసం వీధి చివర పాన్‌డబ్బా దగ్గర నిలబడి, రోజుల తరబడి బీడీలు కాల్చాల్సి వచ్చేది. మావాళ్ళు దానికి ఆమెన్ కూడా జోడించి ఇంటికే పంపారు.

హెప్సిబా తిరిగొచ్చి చూస్తే బీరువాలో వాళ్ళమ్మ ఇచ్చిన బంగారు గుండ్లదండ లేదు. ముందు తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి పక్క క్వార్టర్ శంకరవ్వ దగ్గర ఉంది. ఊరికి పోయేటప్పుడు పక్కింట్లో తాళంచెవి ఇచ్చి, పొద్దుగూకాక లైటు వేయమనడం మా కాలనీ పద్ధతి. పోలీసులకు ఇంకెవరూ కనబడలేదు. శంకరవ్వను కొట్టలేదు, తిట్టలేదు. పొద్దున పిలిపించి బల్ల మీద కూర్చోబెట్టి, సాయంత్రం పంపేవారు. మిగతా పని కాలనీ చేసింది. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్ళు తమ బిందెలు దూరం జరిపారు. హెప్సిబా ఏండ్ల స్నేహం మరిచి మొహం తిప్పుకుంది. శంకరవ్వ అన్నం మానేసింది.

"పానం పోతే పోనీ రిబ్కక్కా, దొంగ అన్న పేరుతోటి పోవద్దు" అని మా గడపలో కూర్చుని ఏడ్చింది.

ఆ మర్నాడు ఇంకో తల్లి వచ్చింది. ఆమెను ఇక్కడ కొమురవ్వ అంటాను. అది ఆమె పేరు కాదు. అసలు పేరు నేను రాయను, గుర్తుపట్టకుండా మరో రెండు సంగతులు కూడా మార్చాను. ఆమెకు మొగడు లేడు, ఒక్కడే కొడుకు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. మధ్యలో తలుపు లేదు, తెర ఒక్కటే. వినొద్దనుకున్నా విన్నాను. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెడితే ఆమెకు గుండ్లదండ తగిలిందట. ప్రతి పండగకూ హెప్సిబా మెడలో చూసినదే. కొడుకు తల్లి ఫోనులోనే ఆ అవసరత చదివాడు. వెనక తలుపు గడియను కడ్డీతో లేపి లోపలికి పోయాడు, వచ్చేటప్పుడు మళ్ళీ అట్లాగే దింపేశాడు.

"వాని కోసం ప్రార్థన చెయ్యక్కా" అంది.

"చేస్త. గని శంకరవ్వ కోసం కూడ చెయ్యాలె. ఇద్దరి కోసం ఒక్కతీరు ఎట్ల చెయ్యాల్నో నాకు తెలుస్తలేదు. నువ్వే చెప్పు" అంది అత్తమ్మ.

"పోలీసోళ్ళకు చెప్తవా అక్కా?"

"నేను చెప్ప. ఇప్పటిదాక ఒక్కలది నా నోట్లకెళ్ళి బయటికి రాలే. చెప్పేదుంటే నువ్వే చెప్పాలె."

"నేను పట్టిచ్చిన్నని తెలిస్తే వాడు మల్ల నా మొఖం చూడడు. నాకు వాడు తప్ప ఎవలున్నరు?"

పోసిన టీ అట్లాగే చల్లారింది. శంకరవ్వ అప్పటికే స్టేషన్ బల్ల మీద కూర్చుని ఉంది. అత్తమ్మ లేచి చెప్పులేసుకుంది.

"ఎస్సైని నేను తోలుకొస్త. నువ్వు ఈడనే ఉండి లోపల చెప్పు. చెప్పింది రిబ్కమ్మని బయట అనుకోనీ. వాడు నా మీదనే పగ పట్టనీ. ముసల్దాన్ని, నాకేమైతది?"

పోలీసు జీపు మా ఇంటి ముందు ఆగడం కాలనీ అంతా చూసింది. కొమురవ్వ మా వంటింట్లో నిలబడి, నా చెయ్యి పట్టుకుని, ఎస్సై విజయేందర్‌కు అంతా చెప్పింది. వెనక తలుపు నుంచి వెళ్ళిపోయింది. ఆ ఎస్సై వయసులో చిన్నవాడే గానీ మాట మీద నిలబడ్డాడు. చెప్పింది ఎవరో చివరిదాకా బయటపడనివ్వలేదు. సోదా చేసి దండ తీశారు, కొడుకును తీసుకుపోయారు. హెప్సిబా వచ్చి శంకరవ్వను పట్టుకుని ఏడ్చింది.

తర్వాతి బుధవారం అత్తమ్మ ఎప్పటిలాగే బయలుదేరింది. "బాగనే ఉన్నమక్కా, ఏం అవసరతలు లెవ్వు" అన్నారు మొదటి ఇంట్లో. రెండో ఇంట్లోనూ అదే మాట. కాలనీలో ఒక్కసారిగా అందరి కష్టాలూ తీరిపోయాయి. అందరిదీ దాచిన మనిషి కొమురవ్వ కొడుకు గుట్టు పోలీసులకు అమ్మిందని చెప్పుకున్నారు. శుక్రవారం కూడికలో అత్తమ్మ దేశం కోసం, వానల కోసం ప్రార్థించి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

"నువ్వు చెప్పలేదని నేనే అందరి ముందట అంట" అని ఇంటికొచ్చి ఎగిరాను.

"మరి ఎవలు చెప్పిన్రని అడుగుతరు. అప్పుడేమంటవ్?" అంది. నేను వంటింట్లోకి పోయి గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను.

బతికినన్నాళ్ళూ ఆమె దగ్గరికి ప్రార్థన కోసం మళ్ళీ వచ్చింది కొమురవ్వ ఒక్కతే. కొడుకు జైలు నుంచి వచ్చి ఆటో కొనుక్కున్నాడు. తల్లిని మందిరానికి దాంట్లోనే దింపేవాడు. అత్తమ్మ ఎదురైతే మొహం మీదే ఉమ్మేసి పోయేవాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "తల్లిని మంచిగ చూసుకుంటుండు" అనేది. నాకైతే చెప్పు తీసుకోవాలనిపించేది.

అత్తమ్మ పోయినప్పుడు అందరూ వచ్చారు. కొమురవ్వ పెట్టె మీద పడి, కన్నతల్లి పోయినట్టు ఏడ్చింది. కొడుకు ఆమెను లేపడానికి వచ్చాడు. లేవలేదు. చుట్టూ అందరూ చూస్తున్నారు. వాడికి ఏదో అనుమానం తగిలినట్టుంది. నా వైపు తిరిగాడు.

"వదినే, నిజం చెప్పు. గా దినం ఎస్సైకి చెప్పింది మీ అత్తమ్మనేనా?"

కొమురవ్వ ఏడుపు ఆగింది. తలెత్తి నన్ను చూసింది. శంకరవ్వ, హెప్సిబా, జ్యోతిరాణి, తలుపులు మూసుకున్న ఇళ్ళవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. కాదు అని ఒక్కమాట అంటే మా అత్తమ్మ మంచి పేరుతో మట్టిలోకి పోతుంది. ఆ మాట అనాలని నేను ఎన్ని రోజులు కొట్టుకున్నానో నాకే తెలుసు.

"అవును తమ్మీ, మా అత్తమ్మనే" అన్నాను.

వాడు వంగి తల్లిని రెండు చేతులా లేపి, ఆటోలో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.