మైనస్ పన్నెండు

కంప్యూటర్ పని అంటే ఆ రోజుల్లో రాజమండ్రిలో రెండే: ఒకటి నేర్పడం, రెండోది నేర్చుకోవడం. మూడోది కూడా ఉందని మా ఇంట్లోవాళ్ళని నమ్మించడానికి నాకు ఏడాది పట్టింది. నేను డ్రైవర్లు రాసేదాన్ని. యంత్రంలోనే బిగించేసిన డిస్‌ప్లే, మీటలు, సైరన్ లాంటివాటికీ, లోపలుండే ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మధ్య దుబాసీలా పనిచేసే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. (మా అమ్మ మాత్రం ఆ మాట బయట ఎక్కడా అనొద్దని ఒట్టు వేయించుకుంది. "కంప్యూటర్‌లో ఉద్యోగం అని ఊరుకో. డ్రైవరంటే ఏం నడుపుతోందని అడుగుతారు" అని ఆవిడ భయం.)

నాకు ఉద్యోగం ఇచ్చినాయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు. మేడమీద రెండు గదులు, మేమిద్దరం, అదే కంపెనీ. కాలువలో నీటిమట్టం దానంతటదే కొలిచి చూపించి, ప్రమాద స్థాయి దాటితే సైరన్ మోగించే పెట్టె తయారుచెయ్యాలని ఆయన పట్టుదల. బోర్డులూ వైర్లూ ఆయనవి, డ్రైవర్లు నావి. రెండేళ్ళు తిరగ్గా తిరగ్గా ధవళేశ్వరంలో కాలువలు చూసే ఒక ఇంజనీరుగారు, "ఒక్కసారి పెట్టి చూపించండి మాస్టారూ. బాగుంటే పైకి రాస్తాను. లేదంటే మళ్ళీ నన్ను అడక్కండి" అన్నారట. ఆ కబురు నాకు చెప్పి మాస్టారు, "ఇది కాకపోతే నేను ట్యూషన్లు చెప్పుకుంటానమ్మాయ్, నువ్వు ఇంకోచోట చూసుకో" అన్నారు, కాఫీ చల్లారిపోయిందన్నంత మామూలుగా. నేనూ అంతే మామూలుగా తలూపి, ఇంటికెళ్ళి అన్నం మానేశాను.

పరీక్షలు చెయ్యలేదా అంటే, చేశాం. ఆఫీసు బాత్రూంలో నీళ్ళ డ్రమ్ములో సెన్సరు వేలాడదీసి, చెంబుతో పోస్తూ, తోడుతూ, నెల్లాళ్ళు. ఒక్క తప్పు రాలేదు. పైగా జాగ్రత్తలు కూడా పెట్టాం. కరెంటు పోయినా ఆగకుండా ఆయన లోపల బ్యాటరీ బిగించారు. నీళ్ళు ప్రమాద స్థాయి మీద ఉన్నంతసేపూ సైరన్ ఆపే మీట పనిచెయ్యకుండా నేను డ్రైవర్‌లో కట్టడి చేశాను. (ఆ కట్టడి చూసుకుని ఎంత మురిసిపోయానో ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గేస్తోంది.)

చూపించే రోజు ఎండాకాలం. కాలువలకి నీళ్ళు కట్టేశారు. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ని, అవసరం పడుతుందేమోనని, మానిటర్‌తో సహా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కాలువ లాకుల దగ్గరికి వెళ్ళాం. అక్కడ గేట్లు ఎత్తి దించి, నీళ్ళలో పాతిన గేజీ కొలబద్ద చూసి నీటిమట్టం పుస్తకంలో రాసే లస్కరుగారు ఎదురొచ్చారు. తెల్లటి మీసాలు, భుజాన తువ్వాలు. మా పెట్టెని కొత్తల్లుడిని చూసినట్టు ఎగాదిగా చూసి, "ఇకనించి ఇదే రాసేస్తుందాండీ?" అన్నారు. నేను హుషారుగా "మీకు శ్రమ తప్పుతుందండీ" అన్నాను. ఆయన చంకలో పుస్తకం సర్దుకున్నారు.

ఇంజనీరుగారు జీపు దిగారు. మాస్టారు సెన్సరుని గేటు ముందు గొయ్యిలో మిగిలిన కాసిని నీళ్ళలోకి దించారు. నేను మీట నొక్కాను. డిస్‌ప్లే మీద 655.24 మీటర్లు అని వచ్చింది. (అన్ని నీళ్ళే వస్తే ఇది రాయడానికి నేనూ ఉండను, చదవడానికి జిల్లాలో ఎవరూ ఉండరు.) మరుక్షణం సైరన్ అందుకుంది.

ఎండిన కాలువలో క్రికెట్ ఆడుతున్న కుర్రాళ్ళు బ్యాట్లతో సహా గట్టెక్కేశారు. సైకిల్ మీద పోతున్నాయన ఆగి, "గండి పడిందాండీ?" అని అరిచాడు. ఇంజనీరుగారు చెవులు మూసుకుని "ఆపండమ్మా!" అన్నారు. మీట నొక్కాను, ఆగలేదు. ప్లగ్గు పీకాను, బ్యాటరీ అందుకుంది. మా జాగ్రత్తలన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. చివరికి లస్కరుగారే భుజం మీది తువ్వాలు తీసి సైరన్ మూతిలో కుక్కారు. అది గొంతు నొక్కినట్టు మూలుగుతూ ఉండగా, ఇంజనీరుగారు జీపు వైపు నడవడం మొదలెట్టారు. మాస్టారు నా మొహం చూడలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

అప్పుడు లస్కరుగారు నా పక్కకొచ్చి, "అమ్మాయిగారూ, దీనికి మైనస్ తెలుసాండీ?" అన్నారు.

"మైనస్ ఏంటండీ?"

"గేజీలో సున్నా అంటే గేటు గడప మట్టమండి. గొయ్యి దానికి కిందుంటది కదా. వేసవిలో మేం మైనసే రాస్తామండి. ఇవాళ మైనస్ పన్నెండు." పుస్తకం తెరిచి చూపించారు. ఏటా ఆ నెల పేజీల నిండా మైనస్‌లే.

నీళ్ళు సున్నా కంటే తక్కువ ఎలా ఉంటాయని, ఆ అంకెకి మైనస్ గుర్తే ఉండదని డ్రైవర్‌లో రాసింది నేనే. బాత్రూం డ్రమ్ముకి అడుగే సున్నా మరి. మైనస్ పన్నెండు సెంటీమీటర్లని చదవలేక, సున్నా నుంచి వెనక్కి తిరిగిన మీటరులా, అది పైచివరి అంకెలకెళ్ళి కూర్చుంది.

"సార్, ఒక్క పావుగంట!" అని జీపుకి అడ్డంగా పరిగెత్తాను. ఇంజనీరుగారు వాచీ చూసుకుని, లస్కరుగారి భార్య ఇచ్చిన మజ్జిగ పుచ్చుకుని కూర్చున్నారు. వాళ్ళ వరండాలో కంప్యూటర్ పెట్టి, మైనస్ వద్దన్న ఆ ఒక్క పదం చెరిపి, డ్రైవర్ మళ్ళీ తయారుచేసి పెట్టెలోకి ఎక్కించాను. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాను. సైరన్ ఆగింది. డిస్‌ప్లే మీద −0.12 వచ్చింది. లస్కరుగారు గేజీ చూసి, పుస్తకం చూసి, పెట్టె చూసి, "సరిపోయిందండి" అన్నారు. ఇంజనీరుగారు ఆయన మాటే రాసుకున్నారు.

పెట్టె ఆ ఏడాదంతా అక్కడే ఉండిపోయింది. లస్కరుగారు మాత్రం పుస్తకం మానలేదు. రోజూ పొద్దున్నే రెండూ పోల్చి, పక్క కొట్టు నుంచి మాకు ఫోన్ చేసేవారు: "ఇవాళ మీ పెట్టె, నేను ఒకటే చెప్పామండి."

ఇప్పుడు నేను రాసిన డ్రైవర్లు ఏ ఊళ్ళో, ఎవరి చేతిలో పనిచేస్తున్నాయో నాకే తెలీదు. చెడితే ఉత్తరాలొస్తాయి, బాగుంటే ఎవరూ పలకరించరు. అప్పుడు ఆ ఫోన్ మోగగానే చేస్తున్న పని పక్కన పడేసి, "ఎంతుందండీ ఇవాళ?" అని అడిగేదాన్ని. ఆ అంకెతో నాకు ఏ పనీ ఉండేది కాదు. అయినా శ్రద్ధగా ఓ కాగితం మీద రాసుకునేది, అప్పటి ఆ వెర్రి పిల్ల.