లేని తెర మీద గుర్తు

దయ్యాలూ ఆత్మలూ నేను నమ్మను. చీపురుపల్లిలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నాది. ఏ మిషన్ ఎందుకు మొరాయించిందో కారణం వెతికి చెప్పడమే నా పని. ఇన్నేళ్లలో కారణం దొరకనిది ఒక్కటే. అది మా అక్క ఇంట్లో జరిగింది.

అక్కని కళింగపట్నం ఇచ్చారు. బావ సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. చేపలు బాగా పడిన చోట్లని చేతి జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లోకి ఎక్కించి, మ్యాపు మీద ఒక్కోదానికి పేరు రాసుకునేవాడు. పాత కంప్యూటరది. విండోస్ మోయలేక మాటిమాటికీ ఆగిపోతుంటే నేనే లినక్స్ వేసి ఇచ్చాను.

ఆ సోమవారం వేకువన బావ ఒక్కడే తెప్ప తీసుకుని వెళ్లాడు. రోజూ తోడు వెళ్లే ఇద్దరూ ఊళ్లో లేరు. మంగళవారం మధ్యాహ్నం దక్షిణాన చాలా దూరంలో ఆ తెప్ప ఖాళీగా కొట్టుకుపోతూ కనిపించింది. జీపీఎస్ అందులోనే ఉంది, నీళ్లు పోయి పాడైంది. దాన్ని పోలీసులు తీసుకెళ్లారు. బుధవారమంతా ఊరి పడవలు దక్షిణం వైపే వెతికాయి.

గురువారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావ వలేసే సోట్లన్నీ ఆ కంప్యూటర్లో ఉన్నాయి కదా. ఎతికేవోళ్లకి సూపిద్దామంటే బొమ్మ రాట్లేదురా. లైటు ఎలగతన్నాది, తెర నల్లగున్నాది."

వెంటనే బయల్దేరాను. ఆదివారం సాయంత్రం ఉరుములు వస్తున్నాయని తానే ప్లగ్గు పీకేశానని, మళ్లీ పెట్టింది ఈ పొద్దున్నేనని అక్క చెప్పింది. అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు.

స్విచ్ వేస్తే మొదట కాసిని అక్షరాలు వచ్చాయి. లినక్స్ లోడయ్యేసరికి తెర నల్లబడి, సిగ్నల్ లేదని చూపించి ఆరిపోయింది. కేబుల్ మార్చాను. వెంట తెచ్చుకున్న మానిటర్ పెట్టాను. అదీ అంతే. మొదట్లో అక్షరాలు వస్తున్నాయంటే మానిటర్ బాగానే ఉన్నట్టు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ త్రీ కలిపి నొక్కితే కమాండ్లు కొట్టుకునే తెర వచ్చింది. ఎన్ని మానిటర్లు తగిలించి ఉన్నాయో చూశాను.

రెండు అని చూపించింది. నా ఎదురుగా ఉన్నది ఆపేసి ఉంది. బొమ్మంతా రెండోదానికి పోతోంది. వెనక్కి వంగి చూస్తే ఆ రెండో సాకెట్ ఖాళీ. లోపల దుమ్ము గడ్డకట్టి ఉంది.

ఇందులో వింతేమీ లేదు. పాత గ్రాఫిక్స్ కార్డులు లేని మానిటర్‌ని ఉందనుకోవడం నేను చాలాసార్లు చూశాను. బొమ్మని ఎదుటి తెరకు మళ్లించాను.

అప్పటికే మ్యాపు తెరిచి ఉంది. అది దానంతటదే తెరుచుకునే అమరిక నేను పెట్టలేదు. మ్యాపు మీద బావ గుర్తులు నలభై దాకా ఉన్నాయి, అన్నిటికీ పేర్లున్నాయి. ఒక్కదానికి లేదు. అది వంశధార సముద్రంలో కలిసే మొగ దాటి ఉత్తరాన, ఒడ్డుకి దగ్గర్లో ఉంది. దాని మీద నొక్కితే సేవ్ చేసిన సమయం వచ్చింది. బుధవారం ఉదయం తొమ్మిదీ పావు.

పడవల వాళ్లకి పెద్ద, సూరయ్య మావ, నా భుజం మీంచి చూశాడు. "అక్కడన్నీ రాళ్లే. వలేస్తే సిరిగిపోద్ది, ఎవుడూ ఎయ్యడు. నీరు సూస్తే దచ్చినానికి లాగతన్నాది. అటెల్తే ఏటి లాభం?"

"ఎల్లు మావా," అంది అక్క.

రెండు పడవలు వెళ్లాయి. మధ్యాహ్నానికి బావని తీసుకొచ్చారు. సరిగ్గా ఆ గుర్తు దగ్గరే, రాళ్ల మధ్య ఇరుక్కుని ఉన్నాడట. చొక్కా గుర్తుపట్టింది నేనే.

పదకొండో రోజు అయ్యాక ఆ కంప్యూటర్ మళ్లీ ముందేసుకున్నాను. గడియారం తప్పేమో అనుకున్నాను. సరిగ్గానే ఉంది, లోపలి బ్యాటరీ కూడా బాగుంది. మిషన్ ఎప్పుడెప్పుడు ఆన్ అయిందో అది రాసిపెట్టుకుంటుంది. ఆదివారం తర్వాత గురువారమే. మధ్యలో ఏమీ లేదు. నాకంటే బాగా తెలిసిన స్నేహితుడికి మ్యాపు గుర్తులున్న ఫైలు పంపాను. రెండు రోజులు చూసి, అర్థం కావట్లేదన్నాడు.

ఆ గుర్తు ఎవరు పెట్టారని అక్క నన్నెప్పుడూ అడగలేదు. నేను కంప్యూటర్ చూసిన రోజు సాయంత్రం గుమ్మంలో కూర్చుని, ఆ గుర్తు ఏ రోజుదని మాత్రం అడిగింది. దాచలేకపోయాను. బుధవారం పొద్దున్న తొమ్మిదీ పావు అని చెప్పాను.



"బుదారం నాడు అందరూ దచ్చినమేపు ఎతుకుతన్నారు కదరా," అంది అక్క. "అప్పటికి మీ బావ బతికే ఉన్నాడంతావేటి?"

ఎప్పుడు ప్రాణం పోయిందో కచ్చితంగా చెప్పలేనని పోస్ట్‌మార్టం చేసిన డాక్టరే అన్నాడు. తెలీదక్కా అన్నాను. ఇప్పటికీ తెలీదు.