కార్డులు దులిపే ఎడ్నా

రాయిస్ పుట్టినరోజున ఒహాయోలోని ఆ ఇంటి గుమ్మంలో అందరికన్నా ముందు ఎదురయ్యేది వాళ్లమ్మ ఎడ్నాయే. కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, చుట్టాలు తెచ్చిన ప్రతి కార్డునూ విప్పి, తలకిందులుగా దులుపుతుంది. నోటు రాలితే తెచ్చినవాళ్ల జేబులోనే కుక్కేస్తుంది. "టోల్‌గేటు పడిందర్రోయ్!" అని మనవరాలు బెక్కా కేకేస్తుంది. "నోర్ముయ్యవే కోతీ! ఇవ్వాలనుంటే ట్రస్టుకివ్వండి, వాడి చేతికొద్దు" అంటుంది ఎడ్నా.

చక్రాల కుర్చీలో ఉండే రాయిస్ పేరున పరిమితికి మించి సొమ్ము చేరితే ప్రభుత్వ సాయం ఆగిపోతుంది. వాడి ఖర్చులకని విడిగా పెట్టిన ట్రస్టులో ఉంటే ఆగదు. ఆ సంగతి తెలియక ఎడ్నా వాళ్లక్క, చచ్చిపోయే ముందు, ముద్దుకొద్దీ వీలునామాలో తన డబ్బు నేరుగా వాడి పేరే రాసింది. సాయం ఆగింది. మళ్లీ రావాలంటే వాడి పేరున ఇంకేమీ చేరకూడదు. పొద్దున్నే వచ్చి స్నానం చేయించే మనిషీ రావడం మానేశాడు. ఎనభైకి దగ్గరపడిన ఎడ్నాయే ఇప్పుడు యాభయ్యేళ్ల కొడుకును ఎత్తి కూర్చోబెడుతోంది. నడుం పట్టేస్తే, చూసేవాళ్లు కంగారుపడకుండా, గోడకానుకుని ఏదో పాట గొణుగుతుంది.

ఈసారి కూడా ఒక కార్డులోంచి నోటు రాలింది. "అమ్మా, అది నాదేనా?" అన్నాడు రాయిస్.

"కాదు నాన్నా" అని ఎడ్నా ఖాళీ కార్డు వాడి ఒళ్లో పెట్టింది. రాయిస్ ఆ కార్డు విప్పి, అచ్చం వాళ్లమ్మలాగే, తలకిందులుగా దులిపి చూశాడు.