కషాయం చల్లారేదాకా

మొన్న మా కోడలు కొత్త డబ్బా ఒకటి కొని తెచ్చి మూత తీసింది. వంటింట్లో తీస్తే ముందుగదిలో కూర్చున్న నాకు వాసన తగిలింది. తడిమట్టీ, పచ్చివేరూ, కాస్త గుర్రపుశాలా కలిసిన వాసన. "అత్తమ్మా, ఇది పాడైందేమో" అని ఆ పిల్ల ముక్కు మూసుకుంటే, నేను డబ్బా లాక్కుని ఇంకోసారి వాసన చూశాను. పాడవడమేమిటి, నిఖార్సయిన పెన్నేరుగడ్డ. చదువుకున్నవాళ్లు అశ్వగంధ అంటారు. డబ్బా మీద రాసినదంతా కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఒత్తిడికట, నిద్రలేమికట, రక్తపోటుకట, పైగా సహజమైన యాంటీ ఆక్సిడెంటట. ఇన్ని సుగుణాలూ ఆరంగుళాల డబ్బాలో కుక్కి అమ్ముతున్నారని నవ్వొచ్చింది. ఆ గడ్డను రోట్లో వేసి చేతులు బొబ్బలెక్కేలా దంచినదాన్ని నేను. దంచించినావిడ పద్మాక్షమ్మ గారు.

ఆమెది వరంగల్లు మట్టెవాడ గల్లీలో చిన్న మందుల కొట్టు. ఆయుర్వేదం చదివి పాసైన మనిషి. అప్పటికే అరవై దాటింది, ఒంటరిది. భారీ శరీరం, అంతకంటే భారీ నవ్వు. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో, పదో తరగతి పాసై ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుడుతూ కూర్చున్న నేను, అమ్మ దగ్గుకు కరక్కాయ కోసం ఆ కొట్టుకు వెళ్లాను. ఆమె కరక్కాయ వెతకడానికి పావుగంట పట్టింది. సీసాల మీద చీటీలు లేవు, ఉన్నచోట ఉండాల్సింది లేదు. నా నోరు ఊరుకునే రకం కాదు. ఇట్లా పెట్టుకుంటే మనుషులు బతికేదెట్లా అనేశాను. ఆమె కోపం తెచ్చుకోకుండా, రేపు పొద్దున వచ్చి సర్దమంది. సర్దడానికి వెళ్లినదాన్ని పన్నెండేళ్లు ఉండిపోయాను.

జలుబుకీ, అజీర్తికీ అయితే పొడి పొట్లం కట్టి పంపేది. బీపీ, నిద్రపట్టకపోవడం, గుండెదడ, కడుపులో మంట వంటివాటిని మాత్రం అన్నిటినీ ఒక్క గాట కట్టి మనాది రోగాలు, అంటే దిగులు రోగాలనేది. వాటికి పొట్లాల్లేవు. తెల్లమద్ది చెక్క, సరస్వతి ఆకు, ఎండు ఉసిరి, పెన్నేరు, ఎవరికి ఏది తగునో చూసి అక్కడే కాచి, స్టీలు గ్లాసు నిండా పొగలు కక్కే కషాయం చేతికిచ్చి బెంచీ మీద కూర్చోబెట్టేది. అది దానంతటదే చల్లారాకే తాగాలి. ఊదకూడదు, రెండు గ్లాసుల్లో తిరగబోయకూడదు, నీళ్లు కలపకూడదు. ఎండాకాలంలో అరగంట పట్టేది. ఆ అరగంటలో ఆమె ఒక్కొక్కరి పక్కనా వచ్చి కూర్చుని, రాత్రి ఏం తిన్నావు, ఎవరితో కలిసి తిన్నావు, తింటూ ఏం మాట్లాడుకున్నారు అని అడిగేది. బట్టల షాపు సేట్లూ, బస్సు కండక్టర్లూ, ఆఫీసు సూపరింటెండెంట్లూ గ్లాసులు పట్టుకుని, బడిపిల్లల్లా బుద్ధిగా జవాబు చెప్పేవారు. ఇంకో నియమం కూడా ఉండేది. పెద్ద డాక్టరు రాసిన గోలీ బంద్ చేస్తే తన గడప తొక్కొద్దని ముందే చెప్పేది. తన కషాయం గోలీకి తోడే గాని సవతి కాదనేది.

బెంచీ మీదికి హనుమకొండ నుంచి ఒక కెమిస్ట్రీ లెక్చరర్ వచ్చేవాడు. కడుపులో మంట మనిషి. ఒకరోజు ఆయన తన సంచీలోంచి వంకాయ తీసి, మా కత్తిపీట మీద రెండు చెక్కలు చేశాడు. ఒక చెక్కకు పచ్చి ఉసిరికాయ రసం రాసి, రెండూ బెంచీ మీద పెట్టాడు. కషాయాలు చల్లారేసరికి ఒట్టి చెక్క నల్లబడింది, ఉసిరి రాసింది తెల్లగానే ఉంది. మన ఒంట్లో కూడా గాలి వల్ల ఇలాంటి చెడుగే జరుగుతుందనీ, దాన్ని ఆపేవాటిని యాంటీ ఆక్సిడెంట్లంటారనీ, ఉసిరిలో అవి దండిగా ఉన్నాయనీ ఆయన పాఠం చెప్పాడు. నేను ఆ మాట మొదటిసారి వినడం అప్పుడే. నోరు తిరగక నాలుగుసార్లు అనిపించుకున్నాను. పద్మాక్షమ్మ గారు రెండు చెక్కలూ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి చాలా సంబరపడింది. "మంచిగ చూపెట్టినవు సారూ. గని వంకాయకు ఇంటిపోరు లేదు, మనిషికి ఉన్నది" అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ లెక్చరరే.

ఇక నా సంగతి. కొత్తవాడలో మా నాయన, మేము బాపు అంటాం, ఒకప్పుడు జంపఖానాలు నేసిన చెయ్యి. తర్వాత రేకుల షెడ్డులో మరమగ్గాల మీద మేస్త్రీగా చేరాడు. చేరి ఎనిమిదేళ్లయ్యేసరికి ఆయన కోపం వాడంతా ప్రసిద్ధం. మంచినీళ్లు అడిగినా అరుపే. అమ్మ కంచం ముందు పెట్టి పక్కకు తప్పుకునేది. తమ్ముళ్లు ఆయన చెప్పుల చప్పుడు వింటే దొడ్డిదారి పట్టేవారు. నా అంతటి నోరుగలదాన్ని నేనే తలూపి సరిపెట్టేదాన్ని. ఇంట్లో ఏం మాట్లాడుకున్నా గుసగుసలే. ఆయనకు నిద్ర లేదు, బీపీ దిగదు. మా పెదనాయన ఇదే బీపీతో పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. తగ్గకపోతే ఈయనదీ అదే దారని దవాఖానలో డాక్టరు నాతో కచ్చితంగా చెప్పాడు. మగ్గాల మధ్య పడిపోయాడని ఏ రోజు కబురొస్తుందోనని నాకు లోపల ఒకటే భయం.

మందుల కొట్టు నా చేతిలో ఉండగా భయమెందుకనుకున్నాను. అందరికీ ఉన్న నియమం నాకు వర్తించదని తీర్మానించుకుని, రోజూ కషాయం గాజు సీసాలో పోసుకుని ఇంటికి తీసుకుపోయేదాన్ని. బాపు ముందు గ్లాసు పెట్టి, ఆయన అరిచేలోగా బయటపడేదాన్ని. గోలీలూ వేసుకుంటున్నాడు, కషాయమూ తాగుతున్నాడు. రెండు నెలలు గడిచినా బీపీ అంగుళం కదల్లేదు. ఒకరోజు ఓపిక నశించి, ఆమె మందులో అసలు సత్తువ ఉందా లేదా అని పద్మాక్షమ్మ గారిని మొహం మీదే అడిగేశాను. ఆమె వేళ్లతో ఆకు ఏరుతూనే, "మందును సీసల పోస్కొని తీస్కపోతాన్నవు. మనిషిని ఒక్కసారన్న తెచ్చినవా?" అంది.

ఆ వారం కరెంటు సెలవు నాడు, మగ్గాలు ఆగిన రోజున, సణుగుతున్న బాపును తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. గ్లాసు అందుకుంటూనే, ఇది చల్లారేదాకా కూర్చోవడానికి నాకు పనిలేదా అని కేకేశాడు. పక్కన ఉన్న కండక్టరు ఇంత దూరం జరిగాడు. నాకు తల కొట్టేసినట్లయింది. పద్మాక్షమ్మ గారు ఆయన ఎడమపక్కన కూర్చుని పేరేమిటని అడిగింది. ఆయన గ్లాసు వైపే చూస్తున్నాడు. మళ్లీ అడిగింది. అదే చూపు. ఎంత పొగరని అందరూ అనుకున్నారు, కూతురినైన నేనూ అనుకున్నాను. ఆమె లేచి ఆయన వెనక్కి పోయి, నా నోట విన్న పేరుతో, "రాజమల్లూ, నీ కండువ కింద పడ్డది" అంది. ఆయన కదల్లేదు. అప్పుడామె కుడిపక్కకు వచ్చి కూర్చుని, ఆ చెవి దగ్గరకు వంగి, జంపఖానా నేసేటప్పుడు అంచు ఎక్కడ మొదలు పెట్టేవాడివని నిదానంగా అడిగింది.

బాపు చటుక్కున తలతిప్పి ఆమెను చూశాడు. నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో నాకు గుర్తులేదు. అంచు గురించి మొదలుపెట్టి, రంగులు, అద్దకం, పెద్ద జంపఖానా పరిచి చూసుకున్న రోజు దాకా వచ్చాడు. కషాయం ఎప్పుడో చల్లారిపోయింది.

ఆమె నన్ను లోపలికి పిలిచింది.

"మీ బాపుకు కోపం లేదు బిడ్డా. చెవులు పోయినయి. ఆ మగ్గాల చప్పుడు తిన్నది. ఎడమదాంట్ల ఏమీ లేదు, కుడిదాంట్ల సగమున్నది. తన మాట తనకే ఇనవడక ఒర్రుతాండు."

ఎనిమిదేళ్లు ఒకే కప్పు కింద ఉండి మాలో ఒక్కరికీ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆ పొద్దు అన్నం దగ్గర బాపుకు కుడివైపున పీట వేసుకుని కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచక, కూరలో ఉప్పు సరిపోయిందా అని చెవి దగ్గర గట్టిగా అడిగాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నావైపు అలాగే చూస్తూ, "మీరంత నా మీద అలిగిండ్రనుకున్న బిడ్డా. ఒక్కలు పలుకకపోతిరి" అన్నాడు. ఆ మాట ఆయన అరవలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నన్ను పక్కకు నెట్టి, ఆ చెవి దగ్గర తను కూర్చుంది. ఇన్నేళ్ల తర్వాత మొగుడితో ఏం మాట్లాడాలో ఆమెకూ తోచలేదు పాపం, బియ్యం అయిపోయాయని చెప్పింది. ఆ కబురుకు బాపు సంతోషపడినట్టు బియ్యం అయిపోయినందుకు ఎవరూ సంతోషపడి ఉండరు.

మర్నాడు పొద్దున్నే కొట్టుకు పరుగెత్తి అంతా చెప్పి, మీకెట్లా తెలిసిందమ్మా అని అడిగాను. ఆమె పొయ్యి మీద గిన్నె కలుపుతూనే చెప్పింది.

"మా ఆయన గూడ మిల్లుల చేసెటోడు. కోపానికని కాయని కషాయం లేదు. గ్లాసు ముందర పెట్టి నా పనికి నేను పోయేదాన్ని. ఆయన కాలం జేసే యేడు తెలిసింది, ఇనవడదని. అప్పటిసంది చల్లారేదాక పక్కన కూసుంటాన."

అంతే. కళ్లు తుడుచుకుని కరక్కాయల గింజలు తీయమంది నన్ను.

బాపు సెలవు నాడల్లా బెంచీకి వచ్చేవాడు. షెడ్డులో చెవులకు దూది పెట్టుకోవడం మొదలుపెట్టాడు. గోలీలు మానలేదు, పచ్చళ్లు తగ్గించాడు. కొన్ని నెలలకు బీపీ దిగింది, నిద్ర పట్టింది. పనిచేసింది గోలీయా, తెల్లమద్దా, దూదా, మేమా అని అడిగితే, తనకు తెలియదని పద్మాక్షమ్మ గారు నిజాయితీగా ఒప్పుకుంది. ఎవరికి వారు కొంచెం కొంచెం పంచుకోండని నవ్వింది. తర్వాత నేను వేరే మందుల కొట్లలో పనిచేశాను. టెన్షన్‌కు ఏ మూలిక మంచిదని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. చెప్తాను, కానీ ముందు కూర్చోబెట్టి, ఇంట్లో వాళ్లతో మాట్లాడి ఎన్నాళ్లయిందని అడుగుతాను. ఆ ప్రశ్న ఆమెది. ఆమె మీద నాకున్న ప్రేమ చూపించడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

బాపు ఆ తర్వాత పదిహేనేళ్లు హాయిగా బతికాడు. ఆ పదిహేనేళ్లూ మా ఇంట్లో రహస్యమన్నది లేదు. కూర మాడిన సంగతి కూడా మూడిళ్ల అవతలకు తెలిసేది. ఆ అలవాటు నాకింకా పోలేదు. నేను ఫోనెత్తితే మా వారు తలుపు వేస్తారు. బస్సులో ముందు సీటువాళ్లు తిరిగి చూస్తారు. నానమ్మా, మెల్లగా అని మనవరాలు నా నోటి మీద చెయ్యి పెడుతుంది. ప్రయత్నిద్దామని నేనూ అనుకుంటాను. కానీ ఎనిమిదేళ్లు మా ఇంట్లో అందరం మెల్లగానే మాట్లాడుకున్నాం.