ఎముక చూపించండి

ఎనభైల చివర తెనాలిలో మాకు జువాలజీ చెప్పిన మేడం నోట ఎప్పుడూ ఒకటే మాట. ఎవరేం తేల్చి చెప్పినా కుడి చెయ్యి చాపి, "ఎముక చూపించండి" అనేవారు.

సైన్సు ఎగ్జిబిషన్‌కి ప్రిన్సిపాల్ గారు నాటకాల తెరల మీద బొమ్మలు వేసే పెయింటరు చేత మనిషి పుట్టుక పటం వేయించారు. కోతితో మొదలైన వరసలో ఒక్కొక్కడూ తెల్లబడుతూ వచ్చి, చివరివాడు మేకప్ వేసుకున్న నాటకాల రాజులా గులాబీ రంగులో నిలబడ్డాడు.

మేడం మండిపడ్డారు. "అన్నిటికంటే పాత ఎముకలు దొరికింది ఆఫ్రికాలోనండి. ఎముకని బట్టి రంగు తెలుస్తుందా? వీడికి ఈ గులాబీ ఎవరు పూయమన్నారు?"

ప్రిన్సిపాల్ గారు నవ్వారు. "అందరూ అక్కణ్ణించే వచ్చారని ఇంకా తేలలేదుగా అమ్మా. ఎక్కడివాళ్లు అక్కడే మనుషులయ్యారనే పండితులూ ఉన్నారు. ఆ నల్లోళ్లకీ మనకీ చుట్టరికం ఏంటి?"

"తేలలేదు, నిజమే. మరి మీరెలా తేల్చేశారండి? ఎముక చూపించండి."

ఆయన ఆవిడ చాపిన నల్లటి చేతిని చూసి మొహం తిప్పుకున్నారు. ఆయన దగ్గర ఎముక లేదు, కుర్చీ ఉంది. పటానికి ఫ్రేము కట్టించి ల్యాబ్‌లో ఆవిడ వెనక గోడకే తగిలించారు.

ఆవిడ రిటైరైన రోజు ప్రిన్సిపాల్ గారే ఆ పటం కింద శాలువా కప్పి, "మనిషి పుట్టుక ఈవిడే చెప్పాలి!" అని పొగిడారు. ఆ చప్పట్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేడం లేచి, పటం వైపు చూసి, ఎప్పట్లాగే కుడి చెయ్యి చాపారు. మైకు కోసమేమోనని ఎవరో అందించారు.

ఆవిడ తీసుకోలేదు.