పడవవాడి గొంతు

మాసిలామణి తాత మలయాళ సినిమాలో నోరు తెరిచాడు. కన్నడంలో తెరిచాడు, తెలుగులోనూ తెరిచాడు. హిందీవాళ్ళు మద్రాసొచ్చి సెట్టు వేసుకుంటే గుర్రబ్బండివాడై అందులోనూ తెరిచాడు. తెరవనిదల్లా తమిళంలోనే. ఆయనకు వచ్చిన భాష అదొక్కటే.

దీంట్లో వింతేం లేదు. పరభాషవాళ్ళకు చిన్న వేషానికి ఎవరి నోరైనా ఒకటే, గొంతు తర్వాత ఎవరో ఒకరు పెడతారు. తమిళ సినిమాకైతే మాట్లాడగలిగినవాళ్ళు వడపళని స్టూడియో సందుల్లో ఈగల్లా ముసిరి ఉండేవాళ్ళు. అందుకని సొంత భాషలో తాత పెళ్ళి సీన్లో భోంచేసేవాడు, కోర్టు సీన్లో బెంచీ మీద కూచునేవాడు, శవం వెనక నడిచేవాడు. మూడూ నోరు మూసుకుని చేసే పనులే. భోజనం సీన్లో మాత్రం కాస్త తెరిచేవాడు.

ఆయన పులికాట్ దగ్గర పుట్టాడు, తెడ్డు వేయడం చిన్నప్పుడే వచ్చు. ఆ తెడ్డే ఆయన్ని మలయాళ దేశానికి తీసుకెళ్ళింది. అలెప్పీ పక్కన నిజం వరద వస్తే, ఆ వరదలోనే ఒక సీను తీయాలని డైరెక్టరుకు పట్టుదల. నీళ్ళలో కొట్టుకుపోయిన బడిపంతులి గొడుగు పట్టుకుని పడవవాడు పంతులి భార్య దగ్గరికొస్తాడు, కబురు చెప్తాడు. అదీ సీను. అక్కడి అసలు పడవవాణ్ణి పెట్టి చూశారట. పడవ బ్రహ్మాండంగా నడిపాడు గాని, కెమెరాను చూసి సిగ్గుపడి చావు కబురు నవ్వుతూ చెప్పాడు. అప్పుడు గుంపులకు మనుషుల్ని సరఫరా చేసే దొరైరాజ్ మాసిలామణి తాతను ముందుకు తోశాడు.

"నాకు మలయాళం రాదు సార్" అన్నాడు తాత.

"ఎవడు రమ్మన్నాడు? ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు. ఏడుస్తూ పెట్టు, చాలు."

తాత లెక్కపెట్టాడు. ఆరు దగ్గర గొంతు పూడుకుపోయింది. ఎనిమిది దగ్గర కన్నీళ్ళొచ్చాయి. పది చెప్పేసరికి కెమెరా పట్టుకున్నాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడని ఆయన ఇప్పటికీ చెప్తాడు. తుడుచుకునే ఉంటాడు. వాన పడుతోంది కదా.

ఆ సినిమా మద్రాసులో ఉదయం ఆటకు వచ్చినప్పుడు తన ఇంటావిడ పట్టమ్మాళ్ అవ్వను వెంటబెట్టుకెళ్ళాడు. పడవ వచ్చింది, గొడుగు వచ్చింది, తెరనిండా తాత ముఖం వచ్చింది. నోరు తెరిస్తే లోపల్నించి బావిలో పడ్డవాడి గొంతులాంటిదొకటి వచ్చింది. అవ్వ ఉలిక్కిపడింది.

"ఎవరయ్యా వాడు, నీ నోట్లో?"

తాత నవ్వేశాడు. ఇంటికొచ్చాక మాత్రం, తన చొక్కా వేసుకుని ఎవడో వీధిలో పోతున్నట్టుందన్నాడు, అంతే.

ఆ సినిమా అక్కడ బాగా ఆడింది. బాగా ఆడిన కథను కోడంబాక్కం సినిమా పేట ఊరికే వదలదు. కోడల్ని తెచ్చుకున్నట్టు తెచ్చుకుంటుంది. పేరు మారుస్తారు, చీర మారుస్తారు, రెండు పాటలు నేర్పిస్తారు, ఇంట్లో వంట అలవాటు చేస్తారు. ఆ తర్వాత మీరే చెప్పండి, పుట్టింటి పోలిక ఎంత మిగిలిందో.

దొరైరాజ్ ఒకరోజు సాలిగ్రామంలో తాత ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, నీ పడవ కథ తమిళంలో తీస్తున్నారు! పడవవాడిగా నువ్వే. డైరెక్టర్ తన నోటితో అన్నాడు. మాట కూడా రాసేశారు!"

మాట చిన్నదే. "అమ్మా, గొడుగు దొరికింది. మనిషి దొరకలేదు."

తాతకు అది తిండికంటే ఎక్కువైపోయింది. అద్దం ముందు చెప్పాడు. బావి చప్టా మీద నీళ్ళ బిందెకు చెప్పాడు. పాలమ్మకు చెప్తే, "ఎవరు పోయారయ్యా?" అని ఆవిడ పాలచెంబు కింద పెట్టేసి కూచుంది. రాత్రి అన్నంలో వత్తకుళంబు పులుసు కలుపుకుంటూ ఉన్నట్టుండి "అమ్మా, గొడుగు దొరికింది" అనేవాడు. అవ్వ తలెత్తకుండా "దొరికితే మూల పెట్టి వచ్చి తిను" అనేది. అలా అంటూనే వడపళని మురుగనికి మొక్కుకుంది కూడా. పాలాభిషేకం చేయిస్తానంది. ఆ సంగతి తాతకు చెప్పలేదు. చెప్తే మొగుడి దగ్గర తన బింకం తగ్గిపోతుందని ఆవిడ లెక్క.

షూటింగు మొదలై, పాటలై, కొట్లాటలై, ముగిసే దశకొచ్చినా తాతకు పిలుపు రాలేదు. చివరికి తాతే వెళ్ళి దొరైరాజ్‌ను టీకొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"అదీ... అన్నా, నీ వేషం అయిపోయిందన్నా."

"అయిపోవడమేంట్రా? నేనెక్కడ వేశాను?"

"మలయాళంలో వేశావుగా. అంత వరద ఇక్కడెక్కడ తెస్తారు? పూండి చెరువులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. అందుకని అక్కడి ముక్కే కొనుక్కొచ్చి అతికించేస్తున్నారు. అందులో మలయాళ హీరో వీపు కనపడుతుందని మన హీరోక్కూడా అదే గళ్ళచొక్కా కుట్టించారు. నీ ముఖం నీదే కదా, చొక్కా కూడా అక్కర్లేదు."

"మరి మాట?"

"దానికి డబ్బింగువాళ్ళున్నారన్నా."

వేరెవడో వచ్చి వేషం ఎగరేసుకుపోతే తిట్టుకోవచ్చు. తన వేషం తానే ఎగరేసుకుపోతే ఎవర్ని తిడతాడు? తాత ఆరోజు ఇంటికొచ్చి చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అవ్వ మామూలుగా వెక్కిరిద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. మజ్జిగన్నం పక్కన పెట్టి, "నేను మాత్రం నీ నోట్లో ఇంకో గొంతు విననయ్యా" అంది. "లేచి వెళ్ళి అడుగు. కాళ్ళు పట్టుకోమనడం లేదు. అడుగు."

మర్నాడు తాత డబ్బింగు థియేటరు గేటు దగ్గర నిలబడ్డాడు. అడగడం ఆయన వల్ల కాలేదు, ఊరికే నిలబడ్డాడు. లోపల మాత్రం గోలగా ఉంది. తాత ముఖమున్న ముక్క తెర మీద తిరిగి తిరిగి వస్తోంది. కంచుగొంతు సదాశివం అని పేరున్న డబ్బింగాయన "గొడుగు దొరికింది, మనిషి దొరకలేదు" అనేసరికి తెర మీది నోరు ఇంకా ఆడుతూనే ఉంది. ఆ నోరు చెప్తున్నది పది అంకెలు మరి. మాటలు రాసే ఆయన విసుక్కుంటూ, "నేను ఎంత వెతికినా, ఏ గట్టు మీదా, ఏ చెట్టు కిందా" అని తోక తగిలించాడు. ఇప్పుడు నోరు సరిపోయింది గాని డైరెక్టరుకు ఏడుపొచ్చింది, అది సీను చూసి వచ్చిన ఏడుపు కాదు.

"చావు కబురా, పంచాయతీ చాటింపా ఇది?" అని బయటికొచ్చి సిగరెట్టు వెలిగించి, గేటు దగ్గర తెర మీది ముఖాన్నే చూశాడు.

"నువ్వా! రావయ్యా లోపలికి. నీ నోరు నువ్వైనా పట్టుకుంటావేమో చూద్దాం."

తాత మైకు ముందు నిలబడ్డాడు. ముక్క తిరిగింది. కంగారులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేశాడు, పెదవికి పెదవి అతికినట్టు సరిపోయింది. లోపలున్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. రెండోసారి అసలు మాట చెప్పాడు. నవ్వు ఆగిపోయింది. పాలమ్మను కూచోబెట్టిన మాట కదా అది. కాని తెర మీది తాత ఇంకా నోరాడిస్తూనే ఉన్నాడు. మూడోసారీ అంతే. ఎన్నిసార్లు చెప్పినా మైకు ముందు తాత ముగించేస్తాడు, పడవలో తాత ముగించడు.

చివరికి డైరెక్టర్ నిజమే చెప్పాడు. "చూడు పెద్దాయనా. నీ ముఖం తెర మీద ఉండాలంటే ఆ పొడుగు మాటే ఉండాలి. దాన్ని సదాశివం బాగా లాగగలడు. ఈ చిన్న మాటే ఉంచి నీ గొంతే పెడితే, మాట వచ్చేచోట నీ ముఖం తీసేసి పంతులి భార్య ముఖం వేసుకోవాలి. పడవ దూరంగా వస్తుంది, అందులో నువ్వు చీమంత ఉంటావు. నాకు రెండోదే ఇష్టం. కాని ముఖం నీది. నువ్వు చెప్పు."

గుంపులో బతికినవాడికి తెరనిండా ముఖమంటే ఏమిటో గుంపులో బతికినవాళ్ళకే తెలుసు. ఊరినిండా చుట్టాలున్నారు, వీధినిండా చెప్పుకున్నాడు. తాత తెర మీది తనవంక చూశాడు. తడిసిన తల, వణికే గడ్డం, చేతిలో గొడుగు. బాగా చేశాడు, పాపం.

"ఆ ముఖాన్ని మలయాళంవాళ్ళు చూశారులెండి సార్" అన్నాడు. "గొంతు ఎవరూ వినలేదు."

సినిమా వచ్చిన రోజున వీధంతా కదిలింది. పాలమ్మ కూడా మంచి చీర కట్టుకొచ్చింది. వరద వచ్చింది. దూరంగా పడవ వచ్చింది. గడపలో పంతులి భార్య ముఖం వచ్చింది. "అమ్మా, గొడుగు దొరికింది. మనిషి దొరకలేదు." ఆ ముఖం అలా చూస్తూ ఉండిపోయింది. హాల్లో ఎక్కడో ముక్కు చీదిన చప్పుడైంది.

బయటికొచ్చాక వీధివాళ్ళంతా తాతను చుట్టుముట్టారు.

"నువ్వెక్కడయ్యా? చివరిదాకా చూశాం, ఎక్కడా లేవే!"

"ఆ పడవవాడి గొంతు నాదే."

"చాల్లే తాతా, ఆ గొంతులో ఎంత దుఃఖముంది! నీది రేషన్ కొట్టు దగ్గర మేం విననిదా?"

పాలమ్మ ఒక్కతే ఆయనదేనంది. చెంబు దింపించిన గొంతును మరిచిపోతానా అంది. ఆవిడ మాట ఎవరూ లెక్కచేయలేదు. తాత అవ్వవైపు చూశాడు. సాక్ష్యం చెప్పమన్నట్టు.

అవ్వ చెప్పదలుచుకుంటే చాలా చెప్పొచ్చు. ఆ మాట వచ్చినప్పుడు ఆవిడ తెరవంక చూడనేలేదు. చీకట్లో పక్కసీటువైపు తిరిగి చూసింది. తాత తెర మీదికి చూస్తూ, ఆ గొంతుతో పాటే నోరు ఆడించాడు. గడ్డం వణికింది. ఒక్క అక్షరం కూడా తప్పలేదు. గొంతు అక్కడ, ముఖం ఇక్కడ, మాట ఒకటే.

అదంతా వీధిలో నిలబడి చెప్పే మాటలా? అవ్వ కొంగు సర్దుకుని ముందు నడిచింది.

"పద పద. గుడి మూసేలోపు పాలు తీసుకెళ్ళాలి."

"పాలెందుకే?"

"నీకెందుకు? గొడుగు దొరికిన వాడివి, నడు" అంది.