రెక్క మీద దాతల పేర్లు

ఈ రోజు ఆదివారం. రెండు బకెట్ల బట్టలు ఉతికాను, ఇడ్లీ పిండి రుబ్బాను, ఇంట్లో ఫ్యాన్లన్నీ తుడిచాను.

అంతలో గాజువాకలోని మా ఇంటికి చందాల కమిటీ వచ్చింది. షెడ్డులో పడి ఉన్న పాత యుద్ధ విమానాన్ని బాగుచేయిస్తారట. యుద్ధం రోజుల్లో మా మామగారు ఆ విమానానికే మెకానిక్. దాన్ని మళ్లీ అప్పటి రూపంలో చూడాలని ఆయన ఆశ. అందుకే చందా ఇస్తానని ముందే మాటిచ్చారు.

కమిటీ పెద్ద ఫోన్లో ఫొటో చూపించాడు. తుప్పు ఎక్కడిదక్కడే ఉంది. రెక్క మీద మాత్రం ఎర్ర రంగుతో దాతల పేర్లు, అందరికంటే పైన ఆ కమిటీ పెద్దదే.

"అయిదు వేలిత్తే మీ పేరు కూడా ఏయిత్తాం బాబాయ్."

"అది గుళ్లో ఫేనేటిరా, పేర్లెయ్యడానికి?" మామగారు ఫోన్ వెనక్కి తోసేశారు.

"పేరెయ్యకపోతే ఎవులిత్తారు బాబాయ్?"

యుద్ధంలో శత్రువు చేయలేని పనిని వీళ్లు ఒక్క రంగు డబ్బాతో చేసేశారు.

నేను అయిదు వేలు తెచ్చి, రసీదు మీద "రెక్క మీది పేర్లు చెరపడానికి మాత్రమే" అని రాయించాను. నోట్లు చూశాక కమిటీ పెద్ద సంతకం పెట్టాడు. ముందు చెరపాల్సింది ఆయన పేరే.

మీ వైపు కూడా ఇలాంటి దాతలున్నారా? ఉంటే చెప్పండి.

మామగారి మాట బాకీ ఈ రోజుతో తీరింది.